గ్రాంట్ ప్రపోజల్ రాయడం ఎట్లా: ఇంగ్లిష్ దిద్దే ముందు చేయాల్సిన పనులు

"సార్, ప్రపోజల్ మెయిల్ చేశాను. ఇంగ్లిష్ ఒక్కసారి చూసి పెడతారా?"

పరిశోధనకు డబ్బిచ్చే ఏ సంస్థ నుంచి కాల్, అంటే దరఖాస్తులు కోరే ప్రకటన, వచ్చినా వారం తిరక్కుండా నా ఫోనులో ఈ మెసేజీలు మొదలవుతాయి. తిరుపతి యూనివర్సిటీల్లో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు, చిత్తూరు డిగ్రీ కాలేజీల లెక్చరర్లు, పీహెచ్‌డీ అయిపోయి తర్వాతేం చేయాలో తోచని పిల్లలు, అందరిదీ ఒకే మాట. ఫైలు తెరిచి చూస్తే ఇంగ్లిష్‌కు వచ్చిన ముప్పేమీ ఉండదు. నాలుగు ఆర్టికల్స్ తప్పులు, రెండు స్పెల్లింగులు, అంతే. అసలు లోటు వేరే చోట ఉంటుంది. పదో పేజీకి వచ్చినా ఈయన ఏం తేల్చాలనుకుంటున్నాడో అర్థం కాదు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఈ జబ్బు నాకూ ఉండేది. నా మొదటి ప్రపోజల్ మామిడి తొక్క మీద. చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు మీకు తెలిసినవే. సీజన్లో గేటు బయట తొక్కా టెంకా గుట్టలుగా పడి ఉంటాయి. ఆ తొక్కలోంచి పెక్టిన్, అంటే జామ్‌ను గడ్డకట్టించే పదార్థం, తీయాలని నా ఆలోచన. ప్రపోజల్ తిరిగొచ్చింది. రివ్యూలో ఒకే లైను: "ఆబ్జెక్టివ్స్ ఆర్ వేగ్," అంటే లక్ష్యాలు స్పష్టంగా లేవని. ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్ మిత్రుణ్ని కూర్చోబెట్టి ప్రతి వాక్యం దిద్దించి మరుసటి ఏడు మళ్లీ పంపాను. మళ్లీ అదే లైను.

ఆ ఎండాకాలం దామలచెరువులో మా మేనమామ తోటకు పోయినప్పుడు మాటల్లో ఈ సంగతి వచ్చింది. ఆయన అంతా విని, "అది సరే రా, పొద్దున ఒలిచిన తొక్క సాయంత్రానికే పుల్లవాసన కొడతది. నువ్వు ఎప్పటి తొక్క తీసుకుంటావు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పదిహేను పేజీల్లో ఆ మాటే లేదు. తడి తొక్కలో ఎంజైములూ సూక్ష్మజీవులూ కలిసి పెక్టిన్‌ను ముక్కలు చేస్తాయని నాకు తెలుసు, పాఠం కూడా చెప్పినవాణ్నే. కానీ నేను తేల్చాల్సిన ప్రశ్న అదేనని తోచలేదు. మూడోసారి ఆ ఒక్క ప్రశ్న చుట్టూ రాశాను. చిన్న గ్రాంటే అయినా వచ్చింది. కింద ఉదాహరణలన్నీ ఆ తొక్కవే. మీది ఏ సబ్జెక్టయినా పద్ధతి ఇదే.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- కాల్ నోటిఫికేషన్ ప్రింటు, పసుపు మార్కర్ ఒకటి. ఫోనులో చదవకండి, షరతులు దాటిపోతాయి.
- మీ అంశం మీద గత ఐదేళ్లలో వచ్చిన పదిహేను, ఇరవై పేపర్లు, నిజంగా చదివినవి. జర్నల్ అందుబాటులో లేదన్న సాకు ఇప్పుడు తక్కువ. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 జర్నళ్లు అందుతున్నాయి. లాగిన్ ఎట్లాగో మీ లైబ్రేరియన్‌ను అడగండి.
- జొటెరో లాంటి రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్. ఉచితం. రిఫరెన్సులు చేత్తో టైపు చేసేవాళ్లు చివరి రాత్రి ఏడుస్తారు.
- ఆర్కిడ్ ఐడీ, అంటే మీ పదహారు అంకెల పరిశోధక సంఖ్య.
- మీ సబ్జెక్టు తెలియని ఒక స్నేహితుడు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.
- ఆరు వారాల టైము. నాలుగు వారాల్లోనూ అవుతుంది, కానీ ఇంట్లోవాళ్లతో గొడవ ఖాయం.

1. ప్రశ్నను తెలుగులో ఒక్క వాక్యంగా రాయండి

కంప్యూటర్ తెరవకండి. కాగితం మీద, తెలుగులో, ప్రశ్నార్థకంతో ముగిసే ఒక్క వాక్యం రాయండి. తెలుగులో ఎందుకంటే, ఇంగ్లిష్‌లో మనకు అరువు మాటలు చాలా అందుబాటులో ఉంటాయి. 'కాంప్రహెన్సివ్ ఇన్వెస్టిగేషన్', 'నోవెల్ అప్రోచ్', 'సస్టెయినబుల్ వ్యాలరైజేషన్' అని రాసుకుంటూ పోతే ఏమీ చెప్పకుండానే పేజీ నిండిపోతుంది. తెలుగులో ఆ సౌకర్యం లేదు. 'సమగ్ర పరిశోధన' అని రాసి చూడండి, మీకే నవ్వొస్తుంది.

నా మొదటి ప్రపోజల్ సారం తెలుగులో పెడితే ఇదీ: "మామిడి తొక్క నుంచి పెక్టిన్ తీయడం గురించి చదవడం." ఇందులో ప్రశ్న లేదు. తొక్కలో పెక్టిన్ ఉందని లోకానికి ఎప్పుడో తెలుసు. మూడోసారి రాసింది ఇదీ: "గుజ్జు ఫ్యాక్టరీలో ఒలిచిన తోతాపురి తొక్కను ఎన్ని గంటల్లోపు ఎండబెడితే జామ్‌కు పనికొచ్చే పెక్టిన్ దక్కుతుంది?"

వాక్యం కుదిరిందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు. ఒకటి, దానికి మీరు అనుకోని జవాబు కూడా సాధ్యం కావాలి. 'ఆరు గంటలు' అని రావచ్చు, 'రెండు రోజులున్నా ఏమీ కాదు' అని రావచ్చు. ఏ జవాబొచ్చినా పేపరు అవుతుంది. రెండోది, ఆ జవాబు తెలిస్తే ఎవరో ఒకరు తమ పని మార్చుకోవాలి. ఇక్కడ ఫ్యాక్టరీవాడు తొక్కను మర్నాడు పారబోయడమా, ఆ పూటే ఎండేయడమా అని తేల్చుకుంటాడు. మీది శుద్ధ సిద్ధాంతమైతే మార్చుకునేవాడు ఇంకో శాస్త్రవేత్త కావచ్చు, ఫరవాలేదు. ఎవరూ లేకపోతే మాత్రం ప్రశ్న మార్చండి.

ఈ వాక్యం మీద నాలుగైదు రోజులు పెట్టినా దండగ కాదు. మిగతా పేజీలన్నీ దీని వెంట నడుస్తాయి.

2. ఆబ్జెక్టివ్స్: మూడు చాలు

మన వాళ్ల ప్రపోజళ్లలో ఆబ్జెక్టివ్స్ ఏడెనిమిది ఉంటాయి, అన్నీ 'టు స్టడీ'తో మొదలవుతాయి. 'టు స్టడీ', 'టు ఎక్స్‌ప్లోర్', 'టు అండర్‌స్టాండ్' అనే పనులు ఎప్పుడు ముగిశాయో ఎవరూ చెప్పలేరు. 'టు మెజర్', 'టు కంపేర్', 'టు టెస్ట్ వెదర్' అంటే ముగింపు కనిపిస్తుంది. నా మూడూ చివరికి ఇట్లా కుదిరాయి:

- తొక్క ఒలిచిన వెంటనే, ఆపైన 6, 12, 24, 48 గంటలకు పెక్టిన్ దిగుబడి, ఎస్టరిఫికేషన్ స్థాయి (పెక్టిన్ ఎట్లా గడ్డకడుతుందో తేల్చే గుణం), జెల్ బలం కొలవడం.
- ఆ తగ్గుదల తొక్కలోని ఎంజైముల పనా, బయటి సూక్ష్మజీవుల పనా తేల్చడం. ఇందుకు ఆవిరి పట్టించిన తొక్క, సూక్ష్మజీవుల్ని మాత్రమే ఆపే మందు కలిపిన తొక్క, ఏమీ చేయని తొక్క, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం.
- ఫ్యాక్టరీ ఆవరణలోనే ఎండలో ఆరబెట్టిన తొక్కనూ వేడిగాలిలో ఆరబెట్టిన తొక్కనూ నాణ్యతలో, ఖర్చులో పోల్చడం.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆబ్జెక్టివ్స్. మొదటిది ఫలిస్తేనే రెండోది, రెండోది ఫలిస్తేనే మూడోది అన్నట్టుంటే రివ్యూయర్ మొదటి ఇటుక లాగి చూస్తాడు. నా మూడింటిలో రెండోది ఎటూ తేలకపోయినా మూడోది నడుస్తుంది. మీవీ అట్లా ఉన్నాయా అని ఒక్కోదాన్నీ చేత్తో మూసి మిగతావి చదివి చూసుకోండి.

ఒక ఆబ్జెక్టివ్‌లో 'అండ్' రెండుసార్లు వచ్చిందంటే అందులో రెండు ప్రాజెక్టులు ఇరుక్కున్నాయని లెక్క.

3. ఏ గడప తొక్కాలో చూసుకోండి

దీన్ని చాలామంది మొదటి మెట్టు చేసుకుంటారు. ప్రశ్న లేకుండా కాల్ వెంట పరుగెత్తితే కాల్‌లోని మాటలే మన ప్రపోజల్లో తిరిగి కనిపిస్తాయి, అది రివ్యూయర్‌కు ఇట్టే తెలిసిపోతుంది.

సైన్సు, ఇంజనీరింగులకు ఇదివరకటి ఎస్‌ఈఆర్‌బీ (సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు) స్థానంలో ఇప్పుడు ఏఎన్‌ఆర్‌ఎఫ్ (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్) ఉంది, దాని చట్టం 2023లో వచ్చింది. పాత పేరుతో కవరింగ్ లెటర్లు ఇంకా వస్తున్నాయి, ఆ పని చేయకండి. జీవసాంకేతికానికి కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ), వైద్యానికి ఐసీఎంఆర్, సామాజిక శాస్త్రాలకు ఐసీఎస్‌ఎస్‌ఆర్, అంతరిక్షానికి ఇస్రో వారి రెస్పాండ్ పథకం. కాల్ ప్రింటులో అర్హత, వయసు, గరిష్ఠ మొత్తం, పేజీల పరిమితి, ఫాంట్ సైజు, వీటన్నిటికీ పసుపు రంగు వేయండి. అర్హత ఒక్కటి తప్పినా మీ సైన్సు ఎవరూ చదవరు. ఆ సంస్థ ఇంతకుముందు వేటికి డబ్బిచ్చిందో వెబ్‌సైటులో దొరికితే శీర్షికలైనా చూడండి. మీ పనికి దగ్గరిది ఉంటే మీది దానికంటే ఎక్కడ వేరో ఒక పేరా రాయాల్సిందే.

4. మొదటి పేజీ

చదివేవాడి పరిస్థితి ఊహించుకోండి. ఆయన మీలాగే ఎక్కడో ప్రొఫెసరు. ముందు పదిహేను ప్రపోజళ్లున్నాయి, సాయంత్రం అయింది. మామిడి మీద పనిచేసినవాడు కాకపోవచ్చు, పాలిమర్ మనిషో, సూక్ష్మజీవుల మనిషో. మొదటి పేజీలో ఆయన మనసు ఎటో ఒకవైపు మొగ్గుతుంది. తర్వాతి పేజీల్లో ఆ మొగ్గుకు సాక్ష్యం వెతుక్కుంటాడు.

నా పాత మొదటి పేజీ ఇట్లా మొదలైంది: భారతదేశం వ్యవసాయ దేశం, మామిడి పండ్లకు రాజు, ప్రపంచ మామిడి ఉత్పత్తిలో మనదే అగ్రస్థానం. మూడు వాక్యాలూ నిజమే. మూడూ ఆయనకు తెలిసినవే. కొత్తది ఇట్లా మొదలైంది: గుజ్జు తీశాక మిగిలే తొక్కలో అమ్మదగ్గ పెక్టిన్ ఉంది. కానీ ఆ తొక్క ఫ్యాక్టరీ నుంచి ల్యాబుకు చేరేసరికి ఒక రాత్రి గడుస్తుంది. ఇప్పటిదాకా వచ్చిన పేపర్లు ఎక్కువగా ల్యాబులో అప్పటికప్పుడు ఒలిచిన తొక్కతో చేసినవి. ఆ రాత్రి ఏం జరుగుతుందో మేం కొలుస్తాం.

వరస గమనించండి: తెలిసిన సంగతి, అందులోని ఖాళీ, ఆ ఖాళీలో నేను చేసే పని. ఆ తర్వాత రెండు వాక్యాల్లో ఎట్లా చేస్తాను, ఒక వాక్యంలో ఎవరికి ఉపయోగం. పేజీ అయిపోయింది. ఖాళీని చూపేటప్పుడు "దీనిపై ఎవరూ పనిచేయలేదు" అని మాత్రం రాయొద్దు. ఆ పని చేసినవాడే మీ రివ్యూయర్ కావచ్చు.

5. పద్ధతి, శాంపిళ్లు, క్యాలెండరు

ఇక్కడ కాస్త నిదానంగా ఉండండి. ప్రశ్న బాగున్నా కూలిపోయే చోటు ఇదే.

శాంపిళ్లు లెక్కపెట్టండి. ఐదు సమయాలు, మూడు ఫ్యాక్టరీలు, ఒక్కో ఫ్యాక్టరీ నుంచి వేర్వేరు రోజుల్లో మూడు లోడ్లు: 5×3×3, సీజనుకు 45. ఆ సంఖ్య ప్రపోజల్లో కనిపించాలి. 'సఫిషియెంట్ నంబర్ ఆఫ్ శాంపిల్స్' అంటే లెక్క చేయలేదని ఒప్పుకున్నట్టే. ఇంకో మోసం కూడా ఉంది. ఒకే లోడులోని తొక్కను మూడుసార్లు కొలిచి 'మూడు రెప్లికేట్లు', అంటే విడివిడిగా మూడుసార్లు చేసిన ప్రయోగాలు, అనేస్తారు. అది మీ పిపెట్ నిలకడను కొలిచినట్టు, తొక్కను కాదు. వేర్వేరు లోడ్లే అసలైన రెప్లికేట్లు. గణాంకాలు చూసే స్నేహితుడికి ఈ పేజీ ఇప్పుడే చూపించండి. డేటా చేతికొచ్చాక చూపిస్తే ఆయన చేయగలిగింది సానుభూతి చూపడమే.

ఇక క్యాలెండరు. మన దగ్గర ఫ్యాక్టరీలకు తోతాపురి దిగేది ముఖ్యంగా జూన్, జులైల్లో. డబ్బు అక్టోబరులో చేతికొచ్చిందనుకోండి, మొదటి తొక్క దొరకడానికి ఎనిమిది నెలలు. నా పాత ప్రపోజల్లో మొదటి మూడు నెలల గడిలో 'శాంపిల్ కలెక్షన్' అని దర్జాగా రాసుంది. చలికాలంలో తోతాపురి! మామిడి తెలిసిన రివ్యూయర్ అక్కడే పెన్ను పక్కన పెట్టి ఉంటాడు. కొత్తదాంట్లో ఆ ఎనిమిది నెలలకూ వేరే పని పెట్టాను: మనిషిని నియమించుకోవడం, ఏడాది పొడుగునా దొరికే నిమ్మ తొక్కతో పద్ధతిని స్థిరపరచడం. మూడేళ్ల ప్రాజెక్టులో మూడు సీజన్లే. మూడో సీజన్ అయ్యాక లెక్కలకు మిగిలేది రెండు నెలలు, అందుకే చివరి సీజన్లో కొత్త పని ఏదీ పెట్టలేదు. వేరుశనగవాళ్లకు ఖరీఫ్ ఇట్లాంటిదే. స్కూలు పిల్లల మీద సర్వే చేసేవాళ్లకు పరీక్షలూ సెలవులూ ఇట్లాంటివే.

పని తప్పితే ఏం చేస్తారో కూడా రాయండి, నాలుగు లైన్లు చాలు. "ఒక ఫ్యాక్టరీ ఒప్పుకోకపోతే బంగారుపాళ్యం వైపు మరోటి" అన్నట్టు. కష్టాలే లేనట్టు రాసిన ప్రపోజల్‌ను నమ్మరు.

వేరేవాళ్ల పరికరమో డేటానో వాడుతుంటే వాళ్ల ఉత్తరం జతచేయండి. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్ డేటా వాడతామని ఊరికే రాస్తే చాలదు, అక్కడి శాస్త్రవేత్త అంగీకార పత్రం కావాలి.

6. బడ్జెట్

రౌండు అంకెలు వద్దు. కెమికల్స్ రెండు లక్షలు, ట్రావెల్ లక్ష, కంటింజెన్సీ లక్ష అని రాస్తే చదివేవాడికి పెళ్లి ఖర్చు గుర్తొస్తుంది. ప్రతి అంకె వెనుకా గుణకారం చూపించండి. ట్రావెల్ అంటే తిరుపతి నుంచి చిత్తూరుకు రానూపోనూ దాదాపు 140 కిలోమీటర్లు, సీజనుకు ఇన్ని ట్రిప్పులు. కెమికల్స్ అంటే శాంపిలుకు ఇంత, 45 శాంపిళ్లు, మూడు సీజన్లు.

మనిషి జీతం అంచనా వేసుకునే పనికాదు, రేటు ఉంటుంది. 2023 జనవరి నుంచి అమలైన ప్రకారం జేఆర్‌ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలో) నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కు (సీనియర్ రీసెర్చ్ ఫెలో) 42,000 రూపాయలు. రెండేళ్లు జేఆర్‌ఎఫ్ 8,88,000, మూడో ఏడు ఎస్‌ఆర్‌ఎఫ్ 5,04,000, కలిపి 13,92,000. దీనిమీద మీ ఊరి తరగతిని బట్టి ఇంటి అద్దె భత్యం. పంపేముందు కొత్త ఉత్తర్వు ఏదైనా వచ్చిందేమో చూసుకోండి.

పరికరాల దగ్గర ఆశ తగ్గించుకోండి. పక్క డిపార్ట్‌మెంట్లో ఉన్న హెచ్‌పీఎల్‌సీని (ద్రవంలోని పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం) మళ్లీ అడిగితే ఎందుకని అడుగుతారు. ఏది ఎక్కడ అద్దెకు దొరుకుతుందో కేంద్ర ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్లో చూడొచ్చు. ఫీజు తీసుకుని బయటివాళ్ల శాంపిళ్లు పరీక్షించే చెన్నై ఐఐటీ సైఫ్ కేంద్రానికి శాంపిళ్లు పంపించుకోవచ్చు. ఆ ఫీజును బడ్జెట్లో చూపితే పొదుపరి అన్న పేరొస్తుంది. కొనాల్సిందే అయితే ఇప్పటి కొటేషన్ జతచేయండి. డబ్బొచ్చాక ఖర్చును జీఎఫ్‌ఆర్ 12-ఏ ఫారంలో, అంటే వినియోగ ధ్రువపత్రంలో, చూపించాలి. అప్పుడు ఏ పద్దు కింద చూపలేరో ఆ ఖర్చు ఇప్పుడు రాయకండి.

7. అనుమతులు, సంతకాలు

రోగులూ మనుషులూ ఉంటే మీ సంస్థ ఎథిక్స్ కమిటీ. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో, అంటే క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్టరులో, నమోదు. జంతువులైతే జంతు ఎథిక్స్ కమిటీ. జన్యుమార్పిడి ఉంటే బయోసేఫ్టీ కమిటీ. శేషాచలం కొండల్లో మొక్కలు, ఎర్రచందనం అంటే అటవీశాఖ అనుమతి లేకుండా ఆకు కూడా తెంపలేరు, దానికి నెలలు పడుతుంది. అప్పటికి అనుమతి రాకపోతే దరఖాస్తు నకలైనా జతచేయండి, కాల్ అందుకు ఒప్పుకుంటే.

రిజిస్ట్రార్ సంతకం ఒక్క రోజు పని అనుకోకండి. డిపార్ట్‌మెంట్, డీన్, ఆపైన ఆఫీసు, ఒక్కో బల్ల మీద ఫైలు ఒక నిద్ర తీస్తుంది. గడువు బ్రహ్మోత్సవాల రోజుల్లో పడిందా, వారం ముందే సంతకం చేయించుకోండి. గరుడ సేవ రోజు తిరుపతిలో రోడ్డు దాటడమే గగనం, ఫైలు దాటడం మాట దేవుడెరుగు.

8. ఇప్పుడు ఇంగ్లిష్

ఇంతదాకా వచ్చాకే ఇది. మనకు తరచూ వచ్చే చిక్కు ఒకటుంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, ఎంత పొడుగు వాక్యమైనా చివరిదాకా ఓపిక పట్టడం మనకు అలవాటు. ఆ అలవాటుతోనే ఇంగ్లిష్‌లో కర్తకూ క్రియకూ మధ్య రెండు లైన్లు కుక్కుతాం. ఇంగ్లిష్ చదివేవాడు క్రియ కోసం ఊపిరి బిగబట్టుకుని ఉంటాడు. పెన్సిలు తీసుకుని ప్రతి వాక్యంలో కర్త కింద ఒక గీత, క్రియ కింద ఒక గీత గీయండి. మధ్యలో ఏడెనిమిది మాటలు దాటితే వాక్యాన్ని రెండు చేయండి.

క్రియల్ని నామవాచకాలు చేసి 'వజ్ కారీడ్ అవుట్' తగిలించడం రెండో అలవాటు. 'మెజర్‌మెంట్ ఆఫ్ ఈల్డ్ వజ్ కారీడ్ అవుట్' కంటే 'వి మెజర్డ్ ఈల్డ్' పొట్టిది, స్పష్టమైనది. 'వి' అనడం గర్వమని మనకు ఎవరో నూరిపోశారు. చాలా జర్నళ్లు దాన్నిప్పుడు కోరి అడుగుతున్నాయి.

'ఎక్విప్‌మెంట్', 'రీసెర్చ్', 'లిటరేచర్', 'ఎవిడెన్స్', వీటి చివర ఎస్ చేర్చకండి. 'డిస్కస్ అబౌట్' వద్దు, 'డిస్కస్' చాలు. 'ఇట్ ఈజ్ వెల్ నోన్ దట్' కొట్టేయండి, అంత తెలిసిందైతే చెప్పక్కర్లేదు. 'నోవెల్' అన్న మాట వెతికి అన్నీ తీసేయండి, కొత్తదైతే రివ్యూయరే గుర్తిస్తాడు. ఒక వస్తువుకు ఒకే పేరు: మొదటి పేజీలో 'పీల్', మూడో పేజీలో 'స్కిన్', ఐదో పేజీలో 'వేస్ట్' అంటే మూడు వస్తువులనుకుంటారు. స్కూలు వ్యాసంలో ఒకే మాట రెండుసార్లు రాస్తే మార్కులు తగ్గేవి. ఇక్కడ రాయకపోతే తగ్గుతాయి.

ఏఐ టూల్స్ సంగతి అందరూ అడుగుతున్నారు. వ్యాకరణం దిద్దించుకోవడానికి వాడొచ్చు, ఆ సంస్థ నిబంధనలు ఒప్పుకుంటే, వాడినట్టు చెబితే. రిఫరెన్సులు మాత్రం అడగకండి. ఒక్కోసారి లేని పేపరుకు ఉన్నట్టే పేరూ ఏడాదీ పుట్టించి ఇస్తుంది. ప్రతి డీఓఐనీ (పేపరుకుండే శాశ్వత లింకు) నొక్కి, పేపరు తెరుచుకుంటేనే ఉంచండి. ఇంకా అచ్చుకాని మీ డేటా అందులో పడేయకండి.

కాపీ సంగతి: యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. దాన్ని పట్టుకుని 9 శాతం చూసి సంబరపడేవాళ్లున్నారు. ఆ 9 శాతం అంతా ఒకే పేరాలో ఉంటే అది ఎత్తిరాసిన పేరాయే. మీ పాత పేపర్లోని మెథడ్స్‌ను అట్లాగే దించడం కూడా ఇందులోకే వస్తుంది.

9. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోండి

మొదట చెప్పిన స్నేహితుణ్ని ఇప్పుడు పిలవండి. హిస్టరీవాడైతే మరీ మంచిది. బాలాజీ కాలనీలో టీ ఇప్పించి మొదటి పేజీ చేతికివ్వండి. రెండు నిమిషాలయ్యాక వెనక్కి లాక్కుని మూడు అడగండి: నేనేం తేలుస్తానన్నాను? ఎట్లా? తేలితే ఎవరికి లాభం? మధ్యలో మీరు నోరు విప్పకూడదు. "అంటే నా ఉద్దేశం..." అని మొదలుపెట్టారంటే ఆ ఉద్దేశం కాగితం మీద లేదన్నమాట. అప్పుడు నోటితో ఏం చెప్పారో అదే రాసేయండి, తరచూ రాసినదానికంటే అదే బాగుంటుంది.

రెండో పరీక్ష ఒంటరిగా. ఆబ్జెక్టివ్, పద్ధతి, క్యాలెండరు, బడ్జెట్, నాలుగూ నాలుగు గడుల్లో రాసి అడ్డంగా చదవండి. ప్రతి ఆబ్జెక్టివ్‌కూ పద్ధతి, ప్రతి పద్ధతికీ నెలలు, ప్రతి నెలకూ డబ్బు ఉండాలి. నాకు మూడోసారి కూడా జెల్ బలం కొలిచే పరికరం ఫీజు బడ్జెట్లో లేదని ఈ గడుల్లోనే తేలింది.

మూడోది, గట్టిగా చదవడం. ఊపిరి ఆగిన చోట వాక్యం విరగ్గొట్టండి.

10. పంపడం

గడువుకు రెండు రోజుల ముందు. చివరి రాత్రి పోర్టల్ తిరుగుతూనే ఉంటుంది, పీడీఎఫ్ సైజు ఎక్కువైందంటుంది, ఓటీపీ రాదు. అప్‌లోడ్ చేసినదాన్ని మళ్లీ డౌన్‌లోడ్ చేసి తెరిచి చూడండి. తెలిసినవాడొకరు తన ప్రపోజల్‌కు బదులు కరెంటు బిల్లు పంపాడు. రిఫరెన్స్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి.

పేపరు రాసేటప్పుడైతే

పై మెట్లలో చాలావరకు పనికొస్తాయి, వరస మాత్రం మారుతుంది. పటాలూ పట్టికలూ ముందు. వాటిని నేల మీద పరిచి ఏ వరసలో కథ చెబుతాయో చూడండి. తర్వాత రిజల్ట్స్, మెథడ్స్, డిస్కషన్. ఇంట్రడక్షన్ ఆ తర్వాత, అబ్‌స్ట్రాక్ట్ చిట్టచివర. డిస్కషన్లో రిజల్ట్స్‌నే మళ్లీ చెప్పడం మనందరి జబ్బు. అక్కడ చెప్పాల్సింది ఆ అంకె ఎందుకు వచ్చింది, ముందువాళ్లకు వేరేగా ఎందుకు వచ్చింది, మన పని ఎక్కడ సరిపోలేదు. జర్నల్ ఎంచుకునేటప్పుడు 'యూజీసీ-కేర్ లిస్టులో ఉంది' అని ఎవరైనా ఊరిస్తే నమ్మకండి, యూజీసీ మెచ్చిన జర్నళ్ల జాబితా అయిన ఆ లిస్టును యూజీసీయే 2025లో ఎత్తేసింది. ఆ జర్నల్లో గత ఏడాది వచ్చిన నాలుగు పేపర్లు మీరే చదవండి, తెలిసిపోతుంది.

తిరిగొస్తే

మొదటి రోజు ఎవరికీ జవాబు రాయకండి. మూడో రోజు రివ్యూను ముక్కలు చేసి ఎడమ గడిలో ఆయన మాట, కుడి గడిలో మీరు మార్చేది రాయండి. "రివ్యూయర్‌కు అర్థం కాలేదు" అని కుడి గడిలో రాయాలనిపిస్తే, అర్థం కాని వాక్యం ఏ పేజీలో ఉందో వెతికి దాన్ని మార్చండి. 'ప్రిలిమినరీ డేటా లేదు' అన్నది చాలామందికి వచ్చే మాట. దానికి గ్రాంటు కోసం ఆగనక్కర్లేదు. జూన్‌లో ఒక ఫ్యాక్టరీ మేనేజర్‌ను బతిమాలి రెండు బకెట్ల తొక్క తెచ్చుకోండి. సగం ఆ పూటే ఎండేయండి, సగం మర్నాడు. రెండింటిలో పెక్టిన్ తీసి, ఆ రెండు అంకెలూ వచ్చే ప్రపోజల్ మొదటి పేజీలో పెట్టండి. బకెట్లకు మూత మర్చిపోకండి, బస్సులో మిగతావాళ్లు ఊరుకోరు.